బీకరులో పోసుకున్న తిరుగుబాటు

నలుగురు ఆడవాళ్ళు ఒకచోట కూర్చుని ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటే లోకం హడలిపోయిన రోజులున్నాయి. ఇప్పుడు లోకం హడలిపోవడం మానేసింది. పైగా కుర్చీ వేసి కూర్చోబెట్టి, చేతికి గ్లాసు కూడా అందిస్తోంది. ఈ మర్యాదకి మనం సంతోషించాలా, అనుమానించాలా?

అమెరికాలో, ఇంగ్లండులో ఆడవాళ్ళ పుస్తక చర్చా బృందాల్లో ఒక ఆనవాయితీ బాగా స్థిరపడింది. ఆ నెల చదివిన నవలకు తగ్గట్టుగా ఒక కాక్‌టెయిల్ తయారుచేస్తారు. మద్యంలో పండ్లరసమో మరొకటో కలిపి, నవలను గుర్తుచేసే రంగూ పేరూ దానికి పెడతారు. బానీ గార్మస్ రాసిన 'లెసన్స్ ఇన్ కెమిస్ట్రీ' 2022లో వచ్చాక ఈ ఆనవాయితీకి పండగే అయింది. నవల నాయిక రసాయన శాస్త్రవేత్త కాబట్టి పానీయాన్ని బీకర్లలో, ఫ్లాస్కుల్లో పోసుకోవచ్చు. దానికి ఏదో ఒక రసాయనం పేరు పెట్టుకోవచ్చు. తెల్లకోటు తొడుక్కుని ఫోటో దిగవచ్చు. లక్షల ప్రతులు అమ్ముడుపోయిన ఈ నవల 2023లో టెలివిజన్ ధారావాహికగా కూడా వచ్చింది. దానితో బీకర్ల సరదా మరికొన్ని ఇళ్ళకు పాకింది.

ఇందులో మనకేం పని అని అడగవచ్చు. ఎక్కడో కాలిఫోర్నియా నవల, ఎవరి ఇంట్లోనో గ్లాసు. కానీ ఆడవాళ్ళ మీద జరిగిన అన్యాయాన్ని ఆడవాళ్ళే కలిసి చదివినప్పుడు ఆ చదువు ఎటు దారి తీస్తుందన్నది అన్ని దేశాల మహిళా ఉద్యమాలకూ సంబంధించిన ప్రశ్న. సంఘాల్లో పనిచేసే మనం అధ్యయన తరగతులు పెడతాం, కథలు చదివిస్తాం, చర్చలు నడుపుతాం. చర్చ ముగిశాక ఏం మిగులుతుందన్నది మన ప్రశ్న కూడా.

ముందుగా ఒక మాట. ఆడవాళ్ళు తాగవచ్చా తాగకూడదా అన్న చర్చ ఇక్కడ లేదు. ఆడదాని గ్లాసులోకి తొంగిచూసి శీలం కొలిచే పని పితృస్వామ్యానిది, దానికి మన సాయం అక్కర్లేదు. సరదాగా చదవడం తప్పని కూడా నేను అనడంలేదు. రోజంతా ఉద్యోగం, ఇల్లు, పిల్లలతో అలిసిపోయిన ఆడది ఒక సాయంత్రం స్నేహితురాళ్ళ మధ్య నవ్వుకోవడం ఆమె హక్కు. నా అభ్యంతరం గ్లాసు మీద కాదు, ఆ గ్లాసుకు పెట్టిన పేరు మీద. ఒక స్త్రీ పడిన అవమానాన్ని ఆ సాయంత్రానికి రుచిగా, అలంకారంగా మార్చుకోవడం మీద.

నవలలో ఏముంది?

నాయిక ఎలిజబెత్ జాట్. కాలం 1950లు, 60ల మొదలు. విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నప్పుడు ఆమె గైడే ఆమెపై అత్యాచారం చేస్తాడు. ఆమె చేతికందిన పెన్సిలుతో అతన్ని పొడుస్తుంది. ఆ తర్వాత విశ్వవిద్యాలయం పోలీసులు పశ్చాత్తాపం తెలుపుతూ రాసి ఇమ్మని అడిగేది అతన్ని కాదు, ఆమెను. డాక్టరేటు సీటు పోతుంది. పరిశోధనా సంస్థలో చిన్న ఉద్యోగంలో చేరితే అక్కడ తోటివాళ్ళు ఆమె బుర్రను వాడుకుంటారు, పేరు మాత్రం ఇవ్వరు. ప్రేమించిన శాస్త్రవేత్త ప్రమాదంలో పోతాడు. పెళ్ళి కాకుండా గర్భవతి అయినందుకు ఉద్యోగం ఊడుతుంది. ఆమె పరిశోధనను పైఅధికారి తన పేరుతో అచ్చు వేసుకుంటాడు. ఆమె వంటగదినే ప్రయోగశాలగా మార్చుకుంటుంది. చివరికి టెలివిజన్‌లో వంటల కార్యక్రమం చేయాల్సి వస్తుంది. బిగుతు బట్టలు వేసుకుని కులుకుతూ వండమని యాజమాన్యం అడిగితే ఒప్పుకోదు. తెల్లకోటు తొడుక్కుని, వంటను రసాయన శాస్త్రంగా చెబుతుంది.

రచయిత్రికి ఇవ్వాల్సిన గౌరవం ఇద్దాం. అరవై దాటాక తొలి నవల అచ్చులో చూసుకున్న రచయిత్రి ఆమె. కథను హాస్యంగా చెబుతూనే పురుషాధిక్యత మొహం మీద ముసుగు లాగుతుంది. వంటను తెలివితక్కువ పనిగా చూసే చూపును కూడా ప్రశ్నిస్తుంది. నవలలో ఒక గొప్ప విషయం ఉంది. ఆ కార్యక్రమం చూడడానికి వచ్చే గృహిణులు నోటుబుక్కులూ పెన్సిళ్ళూ తెచ్చుకుంటారు. చెప్పింది రాసుకుంటారు, ప్రశ్నలు అడుగుతారు. వాళ్ళలో ఒకామె తనకు గుండె శస్త్రచికిత్స చేసే డాక్టరు కావాలని ఉందని అందరి ముందూ నోరు తెరిచి చెబుతుంది.

నవలలో ప్రేక్షకులు పెన్సిళ్ళు తెచ్చుకున్నారు. ఆ నవలను చదివిన పాఠకులు గ్లాసులు తెచ్చుకుంటున్నారు. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసం.

ఇందులో ఇంకో వెక్కిరింత కూడా ఉంది. ఆడదాని ప్రతిభను అమ్మకపు సరుకుగా మార్చే టెలివిజన్ వ్యాపారాన్ని నవల ఎగతాళి చేస్తుంది. అదే నవల పుట్టిన ఏడాది తిరిగేసరికి పానీయాల తయారీకీ పార్టీల అలంకరణకీ సరుకైపోయింది. చాలా నవలల వెనుక చర్చా ప్రశ్నలు కూడా ప్రచురణకర్తలే అచ్చు వేసి ఇస్తున్నారు. అంటే మనం ఏం తాగాలో, ఏం అడగాలో కూడా అమ్మేవాడే చెబుతున్నాడు.

'అప్పట్లో అలా ఉండేది' అనే ఓదార్పు

ఇలాంటి సాయంత్రాల్లో ఎక్కువగా వినపడే మాట ఒకటుంటుంది: 'అబ్బ, అప్పట్లో ఎంత ఘోరంగా ఉండేది!' ఆ మాటలో జాలి ఉంది, ఊరట కూడా ఉంది. అన్యాయాన్ని డెబ్బై ఏళ్ళ వెనక్కి నెట్టేస్తే దాన్ని చూసి నవ్వుకోవచ్చు, దాని పేరుతో గ్లాసులు తాకించుకోవచ్చు. నిన్న మన సంస్థలోనే వేధింపుకు గురైన అమ్మాయి పేరుతో ఎవరైనా కాక్‌టెయిల్ కలుపుతారా? కలపలేరు. కలపగలుగుతున్నారంటే అది గడిచిపోయిందని నమ్ముతున్నారన్నమాట.

అది గడిచిపోయిందా? 2018లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు ఒక నివేదిక వెలువరించాయి. ఉన్నత విద్యాసంస్థల్లో పనిచేసే స్త్రీలలో సగానికి పైగా లైంగిక వేధింపుకు గురైనవాళ్ళేనని అది చెప్పింది. అన్నిటికంటే ఎక్కువగా జరిగేది చేయి వేయడం కాదు, ఆడదానివి నీకిక్కడేం పని అన్నట్టు మాటలతో, చేతలతో చిన్నబుచ్చడమేనని కూడా చెప్పింది. సంస్థ వాతావరణం దాన్ని సహిస్తే వేధింపు పెరుగుతుందని తేల్చింది. జాట్ కథకు పాత కాలపు బట్టలు తొడగడం వల్ల ఆ కథ పాతది కాదు.

నవల నడిచిన ఆ కాలిఫోర్నియాలోనే, ఆ సంవత్సరాల్లోనే, కల్పన కాని ఒక స్త్రీ ఉంది. మరియా గోపెర్ట్ మేయర్. 1930లో జర్మనీలోని గొట్టింగెన్‌లో భౌతికశాస్త్రంలో డాక్టరేటు చేసి, రసాయన శాస్త్రవేత్త అయిన భర్తతో అమెరికా వచ్చింది. భార్యాభర్తలిద్దరికీ ఒకే విశ్వవిద్యాలయంలో ఉద్యోగం ఇవ్వకూడదన్నది అప్పటి చాలా సంస్థల నియమం. పేరుకు అది బంధుప్రీతిని అరికట్టేది. ఆచరణలో భార్యను జీతం లేకుండా పనిచేయించుకునేది. ఏళ్ళ తరబడి ఆమె జీతం లేకుండానో, నామమాత్రపు ఏర్పాటుతోనో పాఠాలు చెప్పింది, పరిశోధన చేసింది. పరమాణు కేంద్రకం నిర్మాణం గురించిన సిద్ధాంతం రూపొందించింది కూడా చికాగోలో జీతం లేని ఆచార్యపదవిలో ఉన్నప్పుడే. పూర్తి జీతంతో ప్రొఫెసరు పదవి 1960లో, యాభై దాటాక, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో శాఖలో దొరికింది. 1963లో నోబెల్ బహుమతి వచ్చినప్పుడు ఆ ఊరి పత్రిక ఆమెను శాస్త్రవేత్త అనలేదు. శాన్ డియాగో తల్లికి నోబెల్ వచ్చిందని శీర్షిక పెట్టింది.

ఆమె మీద అత్యాచారం జరిగినట్టు గానీ, ఎవరో దుర్మార్గుడు ఆమెను వెంటాడినట్టు గానీ చరిత్ర చెప్పదు. ఒక నియమం ఉంది, అంతే. మర్యాదస్తులైన మగవాళ్ళు మర్యాదగా అమలు చేసిన నియమం. నవలలో దుర్మార్గులు స్పష్టంగా కనిపిస్తారు కాబట్టి వాళ్ళను తిట్టుకుని ఇంటికి పోవచ్చు. నియమాన్ని తిట్టుకుని ఇంటికి పోలేం. దాన్ని మార్చాలి.

ఆస్తిపరురాలైన అత్తగారు దొరికితే...

నవల ఎలా ముగుస్తుంది? చనిపోయిన ప్రియుడి కన్నతల్లి బయటపడుతుంది. ఆమె చేతిలో పెద్ద ధర్మనిధి ఉంది. ఆమె అండతో జాట్‌ను గెంటేసిన సంస్థలోనే జాట్ రసాయన విభాగానికి అధిపతి అవుతుంది. పెళ్ళి జరగలేదు గానీ వరసకు అత్తగారే. ఆస్తిపరురాలైన అత్తగారు సమయానికి దొరికి కోడలి కష్టాలు తీర్చిన కథలు మన సినిమాల్లో బోలెడు చూశాం.

కథలో అద్భుతం జరగకూడదని కాదు. కానీ ప్రయోగశాల తలుపులు నిజంగా ఎలా తెరుచుకున్నాయో తెలియకపోతే ఈ అద్భుతాన్నే చరిత్ర అనుకుంటాం. అసాధారణ మేధ ఉన్న ఒక స్త్రీ, రాజీపడని ఆమె మొండితనం, పైన ఒక ధనికురాలి దయ ఉంటే చాలు అనుకుంటాం. మరి సాధారణమైన తెలివి, సాధారణమైన భయం ఉన్న ఆడవాళ్ళ సంగతేమిటి? న్యాయం పొందడానికి ఆడది మేధావి అయి ఉండాలా?

చరిత్రలో జరిగింది వేరు. 1969లో బెర్నిస్ సాండ్లర్ అనే ఆమె మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో పార్ట్‌టైము పాఠాలు చెబుతోంది. విభాగంలో ఏడు ఖాళీలు వచ్చినా ఒక్కదానికీ ఆమె పేరు పరిశీలించలేదు. కారణం అడిగితే, ఆడదానివై ఉండి మరీ గట్టిగా మాట్లాడతావని తోటి ఆచార్యుడు చెప్పాడు. ఆమె గ్రంథాలయానికి వెళ్ళి చదవడం మొదలుపెట్టింది. ఒక ప్రభుత్వ నివేదికలో, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక ఫుట్‌నోటు కనిపించింది. ప్రభుత్వంతో ఒప్పందాలున్న సంస్థలు వివక్ష చూపరాదన్న ఉత్తర్వులో స్త్రీ పురుష వివక్షను కూడా చేర్చారని అందులో ఉంది. విశ్వవిద్యాలయాలన్నీ ప్రభుత్వ ఒప్పందాల మీద బతికేవే! ఆ ఫుట్‌నోటు పట్టుకుని ఒక మహిళా సంఘంతో కలిసి 1970 నుంచి దాదాపు 250 కళాశాలలు, విశ్వవిద్యాలయాల మీద ఆమె ఫిర్యాదులు పెట్టింది. పార్లమెంటరీ విచారణలు జరిగాయి. ఆడది అయినందుకు వైద్య కళాశాలలు తిరస్కరించిన ప్యాట్సీ మింక్ అప్పటికి చట్టసభ సభ్యురాలు. అలాంటి స్త్రీలు లోపల నుంచి తోశారు. 1972లో విద్యలో లింగవివక్షను నిషేధించే చట్టం, టైటిల్ నైన్, వచ్చింది. గర్భవతి అయినందుకు ఉద్యోగం తీసేయడం వివక్షేనని చెప్పే చట్టం 1978లో గానీ రాలేదు. జాట్ ఉద్యోగం ఊడిన కాలానికి అలాంటి రక్షణ ఏదీ లేదు.

చట్టం వచ్చాక అంతా బాగుపడిందా? 1990ల మొదట్లో ఎంఐటీలో జీవశాస్త్రవేత్త నాన్సీ హాప్కిన్స్ తన పరిశోధన చేపల తొట్టెల కోసం 200 చదరపు అడుగుల జాగా ఎక్కువ అడిగింది. ఇవ్వలేదు. అందరికీ సమానంగానే ఉందన్నారు. ఆమె కొలతల టేపు తీసుకుని ప్రయోగశాలలు కొలిచింది. తనకంటే చిన్న హోదాలో ఉన్న మగవాళ్ళకు కూడా ఎక్కువ జాగా ఉందని తేలింది. ఇది తన ఒక్కదాని సమస్యే అనుకుంటూ అధ్యక్షుడికి ఉత్తరం రాసుకుంది. పంపే ముందు మధ్యాహ్న భోజనం దగ్గర ఇంకో శాస్త్రవేత్త మేరీ లూ పార్డ్యూకు చూపించింది. చదివి ఆమె అన్నది, నేనూ సంతకం పెడతానని. అక్కడి నుంచి ఇద్దరూ ఒక్కొక్కరి తలుపూ తట్టారు. విజ్ఞాన విభాగాలన్నిటిలో శాశ్వత హోదా ఉన్న మగ ఆచార్యులు దాదాపు 200 మంది ఉంటే స్త్రీలు 15 మంది. 1994లో పదహారు మంది స్త్రీలు కలిసి డీన్‌కు ఉత్తరం ఇచ్చారు. జీతాలు, జాగా, పదవులు అన్నీ లెక్కలు తీశారు. 1999లో నివేదిక బయటికొచ్చినప్పుడు వివక్ష నిజమేనని సంస్థ అధ్యక్షుడు ఒప్పుకోవాల్సి వచ్చింది.

వాళ్ళూ భోజనం బల్ల దగ్గరే కూర్చున్నారు. వాళ్ళ మధ్యా ఒక కాగితం ఉంది. కానీ ఆ బల్ల దగ్గర నుంచి లేచేటప్పటికి ఒకామె బాధ ఇద్దరి ఫిర్యాదు అయింది.

నవలలో కూడా ఇలాంటి ఘట్టం ఒకటుంది. జాట్‌ను వేధించడంలో యాజమాన్యానికి తోడ్పడిన కార్యాలయ ఉద్యోగిని ఫ్రాస్క్. ఆమె చదువు కూడా గైడు చేసిన అత్యాచారం వల్లే ఆగిపోయిందని చాలా ఆలస్యంగా తెలుస్తుంది. ఒకే గాయం ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు ఒకే కప్పు కింద ఏళ్ళ తరబడి శత్రువులుగా బతికారు. నన్నడిగితే నవలకు గుండెకాయ ఇదే. దీని పేరుతో కాక్‌టెయిల్ కలపడం కష్టం. ఎందుకంటే ఇది చదివాక పక్క కుర్చీలో కూర్చున్న ఆమెను ఒక ప్రశ్న అడగాలనిపిస్తుంది.

చదువుల గుంపులు చేసిన పనులు

ఆడవాళ్ళ చదువుల గుంపుకు పెద్ద చరిత్ర ఉంది. 1630లలో బోస్టన్‌లో యాన్ హచిన్సన్ అనే ఆమె తన ఇంట్లో ఆడవాళ్ళను కూర్చోబెట్టి మతబోధకుల ప్రసంగాలను చర్చించేది. 1637లో ఆమెను విచారించి వలస నుంచి బహిష్కరించారు. 1868లో న్యూయార్కులో చార్లెస్ డికెన్స్ గౌరవార్థం పత్రికా రచయితలు విందు చేస్తే అందులోకి స్త్రీలను రానివ్వలేదు. ఆ అవమానం నుంచే జేన్ కన్నింగ్‌హామ్ క్రోలీ అనే పత్రికా రచయిత్రి 'సొరోసిస్' అనే మహిళా క్లబ్బు పెట్టింది. అలాంటి క్లబ్బుల్లో చదువుతో మొదలుపెట్టిన స్త్రీలు గ్రంథాలయాల కోసం, పిల్లల చేత పని చేయించడానికి వ్యతిరేకంగా, ఓటు హక్కు కోసం బయటికొచ్చారు. ఈనాటి అమెరికా పుస్తక బృందాలు ఆ వారసత్వానికి చెందినవే.

మనకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రిపూట దీపం కింద కూర్చుని కూలి స్త్రీలు చదివిన వాచకంలో సీతమ్మ కథ ఉంది. సారా వల్ల నలిగిపోయిన సంసారం కథ. అక్షరాలు కూడబలుక్కుంటూ చదివిన ఆ స్త్రీలు, ఇది మన కథేగా అన్నారు. దూబగుంటలో సారా దుకాణం మూయించారు. ఆ తర్వాత దూబగుంట సంగతే మరో వాచకంలో పాఠమైంది. అది చదివిన పక్క ఊళ్ళ వాళ్ళు లేచారు. 1992లో ఊరూరా సారా పాటలు ఆపించారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు, అది వేరే కథ. ఆ పోరాటం తాగడం పాపమన్న బోధ మీద నడవలేదు. కూలి డబ్బు ఎటు పోతోంది, దెబ్బలు ఎవరు తింటున్నారు, సర్కారు ఖజానా ఎవరి నెత్తురుతో నిండుతోంది అన్న లెక్కల మీద నడిచింది.

చదివింది జీవితంలోకి వచ్చింది, జీవితం మళ్ళీ పాఠంలోకి వెళ్ళింది. డాక్టరేట్లున్న మనమంతా ఆ రాత్రిబడి ముందు చేతులు కట్టుకుని నేర్చుకోవాలి. దూబగుంట స్త్రీల చేతిలోనూ కథ ఉంది, వాళ్ళ మధ్యా మద్యం ఉంది. కథ వాళ్ళకు మత్తు వదిలించింది. ఇప్పుడు బీకరు సాయంత్రాలు కథనే మత్తులో కలిపేస్తున్నాయి.

జాట్ వంటగదులు మన దగ్గర

ఈ నవల చదువుతున్నవాళ్ళలో అమెరికాలో ఉంటున్న తెలుగు స్త్రీలు కూడా ఉన్నారు. ప్రయోగశాల నుంచి వంటగదికి వెళ్ళడమంటే ఏమిటో వాళ్ళకు వేరే చెప్పాలా? ఎంఎస్‌సీలు, బీటెక్‌లు చేసి, భర్త మీద ఆధారపడిన హెచ్-4 వీసాతో వెళ్ళినవాళ్ళు ఏళ్ళ తరబడి చట్టప్రకారం పనిచేయడానికి వీల్లేకుండా ఉండిపోయారు. 2015లో నియమం మార్చినా భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే భార్యకు పనికి అనుమతి. భర్త కాగితంతో ముడిపడిన భార్య చదువు అది. గోపెర్ట్ మేయర్‌ను ఆపిన నియమానికి ఇది చెల్లెలు కాదా? ఆ బృందాల్లో చర్చకు పెట్టాల్సిన విషయం ఇది.

ఇక్కడికి వస్తే, 1933లో కమలా సొహోనీకి బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ఆడపిల్ల అన్న కారణంతో సర్ సి.వి. రామన్ సీటు ఇవ్వనన్నారు. ఆమె సత్యాగ్రహానికి సిద్ధపడితే, మగ విద్యార్థుల ధ్యాస చెదరకూడదన్నది సహా అవమానకరమైన షరతులతో చేర్చుకున్నారు. ఆమె పనితనం చూశాక ఆడపిల్లలకు తలుపు తీశారు. 1939లో ఆమె కేంబ్రిడ్జిలో డాక్టరేటు పొందింది. ఆమె ప్రతిభను పొగడడం తేలిక. ఆ షరతుల్లో ఎన్ని ఈనాటికీ నోటిమాటగా బతికున్నాయో అడగడం కష్టం.

మరో సంగతి మరవకూడదు. ఈ దేశంలో ప్రతి ప్రయోగశాలలో, ప్రతి విశ్వవిద్యాలయంలో లైంగిక వేధింపులపై ఫిర్యాదు కమిటీ ఉండాలన్న హక్కు ఎలా వచ్చింది? ఏ శాస్త్రవేత్త వల్లా రాలేదు. రాజస్థాన్‌లో భటేరీ అనే ఊళ్ళో బాల్యవివాహం ఆపబోయినందుకు 1992లో అగ్రకులస్థుల సామూహిక అత్యాచారానికి గురైన కుమ్మరి కులపు స్త్రీ, భన్వరీదేవి వల్ల వచ్చింది. కింది కోర్టు 1995లో నిందితులను అత్యాచారం నేరం నుంచి వదిలేసింది. మహిళా సంఘాలు వదల్లేదు. 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పు, 2013లో చట్టం వచ్చాయి. తెల్లకోటు వేసుకున్న ప్రతి స్త్రీకీ రక్షణ ఇచ్చింది మట్టి చేతుల స్త్రీ. ఆమెకు మాత్రం పూర్తి న్యాయం దక్కలేదు. మేధావి అయిన నాయిక ఒంటరిగా గెలిచే కథల్లో భన్వరీదేవికి చోటుండదు.

అయితే ఏం చేద్దాం?

'ఇంత గంభీరంగా ఉంటే ఎవరూ రారు' అని కొందరు మిత్రులు అంటారు. సరదా ఉంటేనే కొత్తవాళ్ళు వస్తారని, వచ్చాక నెమ్మదిగా చైతన్యం వస్తుందని వాళ్ళ వాదన. రమ్మనే పిలుద్దాం. టీ పోద్దాం, పకోడీలు వేయిద్దాం, ఎవరికి ఏం ఇష్టమైతే అది తాగుదాం. ఆడవాళ్ళు నవ్వకుండా ఏ ఉద్యమమూ నడవలేదు, సారా ఉద్యమంలో పాటలకూ వెటకారాలకూ కొదవే లేదు. కానీ నెమ్మదిగా వస్తుందన్న చైతన్యం తనంతట తాను రాదు. అందుకు ఎవరో ఒకరు ప్రశ్న వేయాలి. అలంకారానికీ పానీయానికీ సాయంత్రమంతా సరిపోతే ఆ ప్రశ్నకు సమయం మిగలదు.

ఈ నవలను చదవండి, చదివించండి. చర్చించేటప్పుడు అచ్చువేసిన ప్రశ్నలు పక్కనపెట్టి మన ప్రశ్నలు అడుగుదాం. మీ సంస్థలో ఫిర్యాదు కమిటీ ఉందా? అందులో ఎవరున్నారు, బయటి సభ్యురాలు ఎవరు, ఆ పేర్లు గోడ మీద రాసి ఉన్నాయా? పరిశోధక విద్యార్థిని గైడు మీద ఫిర్యాదు చేస్తే ఆమెకు వేరే గైడును ఎవరు చూపిస్తారు, ఫెలోషిప్ ఆగకుండా ఎవరు చూస్తారు? కాంట్రాక్టు మీద పనిచేసే టెక్నీషియన్‌కు, గ్లాసు పాత్రలు కడిగే ఆయాకు ప్రసూతి సెలవు ఉందా? కాగితం రాసిన స్త్రీ పేరు అచ్చులో ఎన్నో స్థానంలో ఉంది? మన స్వచ్ఛంద సంస్థల్లో కూడా క్షేత్రంలో తిరిగి సమాచారం తెచ్చిన కార్యకర్త పేరు నివేదికలో ఉంటోందా?

ఈ ప్రశ్నల్లో ఏ ఒక్కదానికైనా జవాబు తెలియకపోతే తెలుసుకునే పని ఒకరికి అప్పగించి, వచ్చే సమావేశం తేదీ వేసుకుని లేద్దాం. చర్చకు వచ్చేటప్పుడు పెన్సిలు తెచ్చుకుందాం, వీలైతే కొలతల టేపు కూడా. బీకర్లను ప్రయోగశాలలోనే ఉంచుదాం. అక్కడ వాటితో పని చేయాల్సిన ఆడపిల్లలు ఇంకా చాలామంది తలుపు బయటే ఉన్నారు.